మా ఇల్లు ప్రార్థన అంశమైన రోజు: ఏడేళ్ల సాయం తర్వాత నా సమీక్ష

ఫ్యాను కొన్నా, ఫోను కొన్నా వాడి చూసి నాలుగు ముక్కలు రాస్తాం. ఏళ్ల తరబడి తలుపు తట్టి చేసిన సాయం గురించి మాత్రం ఎవరూ రాయరు. రాస్తే పొగడాలి, లేకపోతే విశ్వాసం లేనివాళ్లం అనిపించుకోవాలి. నాకు పొగడాలనీ ఉంది, కోపమూ ఉంది. రెండూ రాస్తాను.

ఇలాంటివి ఎలా నడుస్తాయో చాలామందికి తెలుసు కాబట్టి వివరాల్లోకి పోను. ఒక క్రైస్తవ ప్రార్థనా సంఘం, వాళ్లు దగ్గరికి తీసిన కొన్ని కుటుంబాలు, వారానికోసారి ఇంటికొచ్చే ఇద్దరు మనుషులు, వడ్డీ లేని అప్పు, పిల్లల చదువు, చిన్న పొదుపు. మేం ఆ మతం వాళ్లం కాదు. ఏడేళ్లలో ఒక్కసారి కూడా మమ్మల్ని మారమని అడగలేదు. అందరూ మొదట అడిగేది ఇదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

నాకు బాగా నచ్చింది ఒక్కటే: వచ్చేది ఎప్పుడూ ఆ ఇద్దరే. అక్క ఒకావిడ, రిటైరైన మాస్టారు ఒకాయన. గురువారం సాయంత్రం ఏడింటికి. అంతకుముందు వేరే సంస్థ పథకంలో రెండేళ్లు ఉన్నాం. ఆ రెండేళ్లలో ముగ్గురు ఆఫీసర్లు మారారు. కొత్త మనిషి వచ్చిన ప్రతిసారీ మా కథ మొదటి నుంచి చెప్పాలి: అప్పు ఎప్పుడు మొదలైంది, గది ఎందుకు ఖాళీ చేశాం, పెద్దమ్మాయికి ఒక ఏడాది చదువు ఎందుకు పోయింది. మూడోసారికి నాకా కథ పాఠం అప్పజెప్పినట్టు వచ్చేసింది, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా తెలిసిపోయింది. మాస్టారికి, అక్కకి ఒక్కసారే చెప్పాను. మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

ఇలా ఇద్దరిద్దరుగా పేదల ఇళ్లకు వెళ్లడం పాత పద్ధతేనట. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజానామ్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు, స్నేహితులు కొందరు కలిసి పెట్టిన చిన్న బృందమే తర్వాత సెయింట్ విన్సెంట్ డి పాల్ సొసైటీ అయింది. చదువుకునే పిల్లలు కదా, పేదవాళ్ల గుమ్మంలో నిలబడి ఎలా మాట్లాడాలో వాళ్లకి తెలియలేదు. రోసాలీ రెందూ అనే సన్యాసిని నేర్పింది. మా పెద్దమ్మాయి ఇప్పుడు సోషల్ వర్క్ చదువుతోంది, ఇవన్నీ తను చెప్పినవే. (మాకు సాయం చేసింది ఆ సొసైటీ కాదు, పొరపాటు పడకండి.)

ఇలాంటి సాయానికి రెండేళ్లు చాలవా అని అమ్మాయితో నాకు వాదన కూడా అయింది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 2002లో మొదలుపెట్టిన పద్ధతి రెండేళ్లదే: బతుకుదెరువుకి ఒక ఆస్తి, కొన్నాళ్లు భృతి, శిక్షణ, పొదుపు, ఇంటికొచ్చి పలకరించే మనిషి. దాన్ని ఆరు దేశాల్లో పదివేలకు పైగా కుటుంబాలతో పరీక్షించి 2015లో ఫలితాలు ప్రచురించారు. సాయం ఆగిపోయిన ఏడాదికి కూడా చాలావరకు లాభం నిలిచిందట. కాదనను. కానీ ఆ ఆస్తి చాలాచోట్ల పశువులు. ఆవు నీదైతే నీదే. అద్దె గదిలో ఉంటూ రోజు కూలి మీద బతికేవాళ్లకి ఆవులాంటిది ఏముంది? నన్నడిగితే నగరంలో పేదవాడికున్న ఆస్తి ఎదుటివాడు వాడి మీద పెట్టుకున్న నమ్మకమే. అడ్వాన్స్ లేకుండా గది ఇచ్చేవాడు, వచ్చే వారం ఇస్తానంటే ఆగేవాడు, సామాను తెమ్మని చేతికి డబ్బిచ్చేవాడు ఉంటే ఆ ఇల్లు నిలబడుతుంది. అది రెండేళ్లలో పుట్టేది కాదు.

మాకా ఆస్తిని ఇచ్చింది ఈ సంఘమే, అందులో అనుమానం లేదు. మాస్టారు హామీ ఉన్నారనే ఇంటాయన గది ఇచ్చాడు. సంఘంలోని ఒక వకీలు మా పాత అప్పు కాగితం చదివి, కట్టేసిన నెలలకి కూడా మళ్లీ వడ్డీ వేశారని చూపించాడు. సంఘంలోనే ఉన్న ఒక కాంట్రాక్టరు మా ఆయనకి వైరింగ్ పని ఇచ్చాడు. మొదట కూలికి పెట్టుకున్నాడు, రెండేళ్లకి మెటీరియల్ కొనే బాధ్యత అప్పజెప్పాడు. వడ్డీ లేని అప్పు మంచిదే, తీర్చేశాం కూడా. ఈ పరిచయాల ముందు అదేమంత పెద్దది కాదు.

ఇక్కడితో ఆపేస్తే ఐదుకి ఐదు స్టార్లు.

నాలుగో ఏడాది మా ఆయన బెట్టింగ్ యాప్‌లో పడ్డాడు. పొదుపు ఖాతా చూస్తే సగం లేదు. కాంట్రాక్టరు డబ్బు మాత్రం ముట్టుకోలేదు. ఆ లెక్కలు నేనే రాసేదాన్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. నాకు రెండు రాత్రులు నిద్ర లేదు. మా అమ్మకి చెప్పలేదు, చెల్లికి చెప్పలేదు. గురువారం మాస్టారు పిల్లాడికి లెక్కలు చెబుతుంటే, వెనకవైపు మెట్ల మీద అక్కతో చెప్పాను. చెప్పాక ప్రాణం తేలికపడింది.

ఆ ఆదివారం ప్రార్థన అంశాల్లో, అంటే సభలో అందరికీ చెప్పి ప్రార్థించమని కోరే విషయాల్లో, అక్క ఇది పెట్టింది. "మనం ఆదుకుంటున్న ఒక కుటుంబంలో ఒక తమ్ముడు జూదంలో చిక్కుకున్నాడు, అతని విడుదల కోసం ప్రార్థించండి." పేరు చెప్పలేదు. కానీ ఆ ఏడాది వాళ్లు ఆదుకుంటున్నది మూడు కుటుంబాలను. ఒక ఇంట్లో భర్త పోయిన ఆవిడ, పసిపిల్లలు. ఇంకో ఇంట్లో ముసలి దంపతులు, వాళ్ల మనవరాలు. ఆ తమ్ముడెవరో కనుక్కోవడానికి దేవుడే దిగిరానక్కర్లేదు.

కాంట్రాక్టరు అక్కడే కూర్చుని ఉన్నాడు. మా ఆయన్ని ఒక్క మాట అనలేదు. సోమవారం పొద్దున, "నువ్వు పని చూసుకో, సామాను ఆ కుర్రాడు తెస్తాడులే" అన్నాడంతే. మా ఆయన లెక్కలో ఏదో తేడా వచ్చిందనుకున్నాడు. రెండు రాత్రులు ఇద్దరం కూర్చుని బిల్లులన్నీ తిరగేశాం. ఏ తేడా కనపడలేదు. నాకప్పటికి ఏమీ తెలియదు. పదో రోజున తోటి పనివాడొకడు, "మీ కోసం మొన్న ప్రార్థన చేశారటగా" అన్నాడట. పాపం మంచి మనసుతోనే అన్నాడు. మా ఆయన ఇంటికొచ్చి అరవలేదు. చెప్పులు విప్పుతూ, "ఎవరికి చెప్పావు?" అని అడిగాడు.

నేను అక్కని నిలదీశాను. "మేం ఎవరితోనూ చెప్పలేదమ్మా, ప్రార్థనే కదా చేశాం" అంది. నా కోపమంతా ఈ ఒక్క మాట మీదే, ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఆవిడ అబద్ధమాడలేదు. దేవుడితో చెప్పుకోవడం మనుషులతో చెప్పడం కిందికి రాదని మనస్ఫూర్తిగా నమ్మింది. నలభై మంది వింటున్నా సరే. కళ్లు మూసుకున్నంత మాత్రాన చెవులు మూసుకుపోవు కదా!

ఐదు గురువారాలు మేం తలుపు తీయలేదు. లోపలే ఉండేవాళ్లం. ఏడింటికి తలుపు చప్పుడయ్యేది, కాసేపు నిశ్శబ్దం, తర్వాత మెట్లు దిగే చప్పుడు. మొదటి రెండు వారాలు ఇద్దరి అడుగులు వినిపించాయి, తర్వాత ఒక్కరివే. ఆరో గురువారం తీశాను. మాస్టారు కూర్చోలేదు. సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసి నా చేతికిచ్చారు. మా ఇంటికొచ్చిన ప్రతిసారీ వాళ్లు రాసుకున్న పుస్తకం అది. "తప్పు మాదే అమ్మా. ఇది మీ ఇంట్లో ఉండాల్సింది, ఇన్నాళ్లూ మా దగ్గర పెట్టుకున్నాం" అన్నారు. ఇంకేమీ అనకుండా వెళ్లిపోయారు.

ఆ రాత్రి మొత్తం చదివాను. పిల్లాడి బూట్ల సైజు ఉంది. గ్యాస్ అయిపోయిన తేదీ ఉంది. ఒక పేజీలో, "ఈ వారం ఆమె సరిగా మాట్లాడలేదు, అడగలేదు" అని ఉంది. మెట్ల మీద నేను చెప్పిన సంగతి కూడా ఉంది, కింద రెండు గీతలతో.

నేను అసలు ఊహించనిది ఆ తర్వాత జరిగింది. అప్పటినుంచి సాయం పొందే ఇంటివాళ్లు సరేనంటే తప్ప ఏ సంగతీ ప్రార్థన అంశంగా వెళ్లకూడదని రూలు పెట్టుకున్నారు. పుస్తకం ఆ ఇంట్లోనే ఉంటుంది, వాళ్లొచ్చినప్పుడు మన ముందే రాస్తారు. పట్టుబట్టి ఈ రూలు పెట్టించింది మాస్టారే అని తర్వాత తెలిసింది. నాకు తెలిసినంతలో ఇప్పటివరకు తప్పలేదు.

కానీ కాంట్రాక్టరు సామాను బాధ్యత మళ్లీ ఇవ్వలేదు. ఎనిమిది నెలలు చూసి మా ఆయన వేరేచోట చేరాడు, మళ్లీ కూలి నుంచి మొదలు. బెట్టింగ్ మానేశాడు. ప్రార్థన వల్లే అంటారు సంఘంలో. సిగ్గు వల్ల అంటాను నేను. ఫోను పాడైందని ఆయన అంటాడు.

మా అమ్మాయి చూపించిన అధ్యయనం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఫిలిప్పీన్స్‌లో కడు పేద కుటుంబాలు వేలల్లో ఎంచుకుని, కొందరికి క్రైస్తవ విలువల పాఠాలు చెప్పించి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. పాఠాలు అయిపోయిన ఆరు నెలలకి వాళ్లలో భక్తి పెరిగింది, ఆదాయమూ పెరిగింది. అయినా చుట్టుపక్కలవాళ్లతో పోల్చుకుని తాము ఎక్కడున్నామంటే, పాఠాలు విననివాళ్ల కంటే కింద ఉన్నామనే చెప్పారట. పరిశోధకులు దీనికి ఏం కారణం చెబుతారో గానీ, నాకు మాత్రం ఆ ఆదివారం హాలు గుర్తొచ్చింది. నలుగురి మధ్య కూర్చుంటేనే కదా మనమెంత కింద ఉన్నామో తెలిసేది.

యూదు పండితుడు మైమోనిడెస్ 12వ శతాబ్దంలోనే దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. అన్నిటికంటే పై మెట్టు, అప్పో పనో భాగస్వామ్యమో ఇచ్చి మనిషిని తన కాళ్ల మీద నిలబెట్టడం. దాని కిందిది, ఇచ్చేవాడెవరో పుచ్చుకునేవాడికి, పుచ్చుకునేవాడెవరో ఇచ్చేవాడికి తెలియకపోవడం. మా సంఘం పై మెట్టు ఎక్కిన మాట నిజం. ఆ తొందరలో కింది మెట్టు దాటేసింది.

మారమని అడగలేదని మొదట్లో రాశాను. అది నిజమే. కానీ పిల్లాడి ఫీజు కట్టిన వారం, ఆదివారం వెళ్లకుండా ఇంట్లో కూర్చోవడానికి నాకు మనసొప్పేది కాదు. ఎవరూ రమ్మనలేదు, నేనే వెళ్లి వెనక వరుసలో కూర్చునేదాన్ని. వచ్చేది ఎప్పుడూ ఆ ఇద్దరే అని కూడా రాశాను. ఐదో ఏడాది నుంచి అక్క బదులు ఇంకొకావిడ వస్తోంది. మంచి మనిషి. ఆవిడతో నేను ఇప్పటికీ ఎండా వానా దాటి మాట్లాడలేదు.

మీరూ చేరొచ్చా అంటే, మా సంగతే చెప్పగలను. మా ఇంట్లో సంపాదించేవాళ్లం ఇద్దరం, మంచాన పడ్డవాళ్లు ఎవరూ లేరు, మా ఆయన చేతిలో పని ఉంది. ఇవన్నీ లేని ఇంటికి ఏడేళ్లు కూడా చాలకపోవచ్చు. చేరితే మాత్రం మొదటి గురువారమే రెండు విషయాలు అడగండి: రాసే పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది, ప్రార్థన అంశాలు ఎవరెవరు వింటారు. ఇల్లు, పని, అప్పు అన్నీ ఆ సంఘంలోవాళ్ల చేతుల్లోనే ఉండకుండా చూసుకోండి. ఈ మాట ఇప్పుడు చెబుతున్నాను గానీ, ఆ రోజు బయట మాకు పనిచ్చేవాడెవడు?

ఈ ఏడాది వార్షిక సభలో మా కుటుంబాన్ని సాక్ష్యం చెప్పమన్నారు, అంటే మాకు జరిగిన మేలు అందరి ముందూ చెప్పమని. ఈసారి ముందే అడిగారు, అదీ మా ఇంటికొచ్చి, ఇద్దరి ముందూ. నేను మా ఆయన వైపు చూశాను. "చూద్దాం" అన్నాడు. మూడు నెలలైంది. ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు, నేనూ రెట్టించలేదు.