బొగ్గు ప్లాంటు మీద కేసు: పర్యావరణ ట్రిబ్యునలా, కరెంటు కమిషనా? ఏది మేలు?

ఊరి పక్కన బొగ్గు ప్లాంటు వద్దనుకునేవాళ్లు ఎక్కగలిగే గుమ్మాలు ముఖ్యంగా రెండు. ఒకటి పర్యావరణ అనుమతిని ప్రశ్నించే ట్రిబ్యునల్. రెండోది కరెంటు రేట్లు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలి, అంటే ఈఆర్‌సీ. మనవాళ్లు ఎక్కువగా మొదటిదాని దగ్గరికే వెళ్తారు. రెండోదాన్ని ఇంతగా వదిలేయడం తప్పని నా అభిప్రాయం.

ట్రిబ్యునల్ బలం సోంపేటలో చూశాం. శ్రీకాకుళం జిల్లాలోని బీల (చిత్తడి) నేలల్లో 2,640 మెగావాట్ల ప్లాంటు తలపెట్టారు. రైతులకు, మత్స్యకారులకు ఆ బీలే బతుకు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు, ఇప్పటి ట్రిబ్యునల్‌కు ముందు ఆ పని చూసిన జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. తీర్పు ఒక్కరోజు ముందు వచ్చి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. ప్లాంటు మాత్రం రాలేదు, ఎందుకంటే అప్పటికింకా కట్టడం లేవలేదు.

యాదాద్రి కథ ఇలా జరగలేదు. నల్గొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల ఈ ప్లాంటుకు 2017లో అనుమతి వచ్చింది. దాన్ని సవాలు చేసిన అప్పీలు మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022 సెప్టెంబరులో అనుమతిని నిలిపివేసి, మళ్లీ అధ్యయనాలు, ప్రజాభిప్రాయ సేకరణ జరపమంది. అప్పటికి అయిదేళ్లు గడిచాయి, వేల కోట్లు ఖర్చయ్యాయి. 2024 ఫిబ్రవరిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, అదే ఏడాది డిసెంబరులో ఒక యూనిట్ ప్రారంభమైంది. కేసు గెలిచారు, ప్లాంటు నడుస్తోంది.

ఇక ఈఆర్‌సీ. అక్కడ పొగ గురించి పెద్దగా వినరు, డబ్బు గురించి అడగాలి. బొగ్గు ప్లాంటుతో డిస్కమ్, అంటే కరెంటు పంపిణీ సంస్థ, చేసుకునే కొనుగోలు ఒప్పందం సాధారణంగా 25 ఏళ్లు ఉంటుంది. ప్లాంటు సిద్ధంగా ఉందంటే చాలు, కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా స్థిర ఛార్జీ కట్టాల్సిందే. ఆ డబ్బు మన బిల్లులోంచే పోతుంది. అందుకే ఒప్పందానికి ఆమోదం రాకముందే ‘ఇంత కరెంటు నిజంగా అవసరమా? సోలార్ కన్నా ఇది చవకా?’ అని అడగడంలో బలముంది. అప్పు ఇచ్చే బ్యాంకు చూసేది కూడా ఆ ఒప్పందాన్నే.

ఈ దారి ఎంత దూరం తీసుకెళ్తుందో అమెరికాలోని మిసిసిపి రాష్ట్రంలో తెలిసింది. కెంపర్ అనే చోట బొగ్గును గ్యాసుగా మార్చే ప్లాంటుకు అక్కడి కరెంటు కమిషన్ ఇచ్చిన ఆమోదాన్ని సియెరా క్లబ్ అనే పర్యావరణ సంస్థ సవాలు చేసింది. తగిన ఆధారాలు చూపలేదంటూ 2012లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని వెనక్కి పంపింది. కమిషన్ మళ్లీ ఆమోదించేసింది. అయినా కొట్లాట ఆగలేదు. పెంచిన ఛార్జీలు చెల్లవని 2015లో అదే కోర్టు తేల్చింది. ఖర్చు 750 కోట్ల డాలర్లకు చేరాక 2017లో కంపెనీ బొగ్గు సంగతి వదిలేసి సహజ వాయువుతో నడుపుకుంటానంది. ఆ గ్యాసిఫయర్ ఖర్చు చివరికి వినియోగదారుల నెత్తిన పడలేదు.

పోలండ్‌లో ఇంకో దారి తొక్కారు. ఎనెయా అనే కరెంటు కంపెనీలో షేర్లున్న క్లయింట్‌ఎర్త్ అనే పర్యావరణ సంస్థ, ఆస్త్రోవెంకా ప్లాంటుకు ఒప్పుకున్న తీర్మానం చెల్లదని 2019లో కోర్టులో నెగ్గింది. ఆ బొగ్గు ప్లాంటు ఆగిపోయింది. మన జెన్‌కోలు (కరెంటు తయారుచేసే సంస్థలు) ప్రభుత్వానివి కాబట్టి ఈ దారి మనకు పెద్దగా అందదు.

ఇప్పటికే నడుస్తున్న ప్లాంట్ల విషయంలో నాకు టెన్షన్ ఎక్కువ. 2015లో సల్ఫర్ డయాక్సైడ్‌కు కఠిన ప్రమాణాలు పెట్టి, గడువులు పొడిగిస్తూ వచ్చి, 2025 జూలైలో పొగలోంచి ఆ వాయువును తీసేసే ఎఫ్‌జీడీ పరికరాల నుంచి దాదాపు 78 శాతం ప్లాంట్లను మినహాయించారు. ప్రమాణమే సడలిపోతే ట్రిబ్యునల్ చేతికి ఏం మిగులుతుంది? ఇలాంటి చోట, పాత ప్లాంటుకు కొత్త యూనిట్ చేర్చే చోట, నేనైతే ముందు ఈఆర్‌సీకే వెళ్తాను.

కొత్త చోట కొత్త ప్లాంటు అంటే మాత్రం ట్రిబ్యునలే ముందు. అనుమతి వచ్చిన 30 రోజుల్లో అప్పీలు వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇస్తారు, ఆ తర్వాత తీసుకోరు. ఈఆర్‌సీ కోసమైతే డిస్కమ్‌ల ప్రతిపాదనలపై పేపర్లలో వచ్చే ప్రకటనలు చూస్తూ ఉండండి. అభ్యంతరం రాయడానికి వకీలు అక్కర్లేదు, విచారణలో తెలుగులోనే మాట్లాడొచ్చు.