ఎల్‌ఎమ్‌ఈ4 రివ్యూ: పీ వాల్యూ ఇవ్వని ప్యాకేజీతో నా కాపురం

ఎల్‌ఎమ్‌ఈ4 అంటే గణాంకాల భాష ఆర్‌లో మిక్స్‌డ్ మోడల్స్ వేసే ప్యాకేజీ. ముందే చెప్తున్నా, ఇది ఫ్రీ. ఆర్‌లో ఒక్క లైను కొడితే ఇన్‌స్టాల్ అయిపోతుంది. కాబట్టి డబ్బుకి తగ్గ సరుకేనా అన్న గొడవ లేదు, మన టైముకి తగ్గదేనా అన్నదే చూడాలి. ఒకే మనిషి చేత వందసార్లు బటన్ నొక్కించి రియాక్షన్ టైమ్ కొలిచేవాళ్లు, ఒకే క్లాసులో పిల్లలందరికీ ఒకే ప్రశ్నపత్రం ఇచ్చేవాళ్లు, ఎప్పుడో ఒకప్పుడు మిక్స్‌డ్ మోడల్స్ (ఏ కొలత ఏ మనిషిదో కూడా లెక్కలోకి తీసుకునే మోడల్స్) దగ్గరికి రాక తప్పదు. ఒక మనిషి ఇచ్చిన పది జవాబులూ, పదిమంది ఇచ్చిన పది జవాబులూ ఒకటి కాదు కదా.

నేను వచ్చింది రిపీటెడ్ మెజర్స్ అనోవా నుంచి, అంటే అవే మనుషుల్ని అన్ని కండిషన్లలో కొలిచి సగటులు పోల్చే పద్ధతి నుంచి. అక్కడ ఒక కండిషన్‌లో డేటా లేకపోతే ఆ మనిషిని మొత్తంగా తీసి పక్కన పెట్టేసేవాళ్లం, పాపం గంటసేపు కూర్చుని టాస్క్ చేసి వెళ్లిన మనిషి. ఇక్కడ ఆ బాధ లేదు, ఉన్నంతవరకు వాడుకుంటుంది. నాకు మొదట నచ్చింది అదే.

అసలు సత్తా తెలియాలంటే దీంతోపాటే వచ్చే స్లీప్‌స్టడీ డేటా తెరవండి. 18 మంది, ఒక్కొక్కరికి 10 రోజులు, మొత్తం 180 కొలతలు. నిద్ర తగ్గించినకొద్దీ రియాక్షన్ టైమ్ ఎలా పెరుగుతుందన్నది సంగతి. మామూలు రిగ్రెషన్ (అందరి డేటాకీ కలిపి ఒకే గీత) వేస్తే రోజుకి 10.47 మిల్లీసెకన్లు పెరుగుతోందని వస్తుంది, స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంకె ఎంత అటూఇటూ కావొచ్చన్నది) 1.24. మనిషికో ఇంటర్‌సెప్ట్ (గీత మొదలయ్యే ఎత్తు) ఇచ్చి ఎల్‌మర్ (ఈ ప్యాకేజీలో మోడల్ వేసే ఫంక్షన్) వేస్తే అదే 10.47, కానీ ఎర్రర్ 0.80కి పడిపోతుంది. అబ్బ, ఎంత ఖచ్చితంగా వచ్చిందో అని మురిసిపోతాం. ఇప్పుడు మనిషికో స్లోప్ (గీత వాలు, అంటే రోజుకి ఎంత పెరుగుతోందన్నది) కూడా ఇవ్వండి. మళ్లీ అదే 10.47, ఎర్రర్ మాత్రం 1.55. మూడు మోడల్స్‌లోనూ స్లోప్ కదల్లేదు, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చన్నది మాత్రం దాదాపు రెండింతలు తేడా! నిద్ర లేకపోతే అందరూ ఒకే లెక్కన మందగిస్తారని రెండో మోడల్ మనకి చెప్పకుండానే అనేసుకుంది. నిజానికి మనిషికీ మనిషికీ మధ్య స్లోప్ స్టాండర్డ్ డీవియేషన్ 5.92 ఉంది, అంటే కొందరు రోజుకి ఇరవై దాకా మందగిస్తుంటే కొందరికి చీమ కుట్టినట్టు కూడా లేదు. 335 నంబరు మనిషి డేటాకి విడిగా గీత గీస్తే స్లోప్ −2.9, అంటే నిద్ర తగ్గేకొద్దీ చురుకవుతున్నాడన్నమాట. మోడల్ ఆ మాటని పూర్తిగా నమ్మదు, మిగతా పదిహేడుమందిని చూసి −0.3 దగ్గరికి లాక్కొస్తుంది. ఇలా లాగడాన్నే ష్రింకేజ్ అంటారు. మొదట్లో నాకిది డేటాని తారుమారు చేసినట్టే అనిపించింది, ఇప్పుడు ఇది చేయని మోడల్‌ని చూస్తేనే అనుమానం.

ఇంకో మాట. ఈ డేటా హెల్ప్ పేజీ చదవండి. మొదటి రెండు రోజులు అలవాటుకి, ట్రైనింగ్‌కి. తర్వాతి రోజు బేస్‌లైన్. నిద్ర తగ్గించింది ఆ తర్వాతే. అందరం మాత్రం సున్నా రోజు నుంచే గీత గీసేసి "ఒక్కో రాత్రి నిద్ర పోతే పది మిల్లీసెకన్లు" అని రాసేస్తాం. మోడల్‌కి అదేం తెలుస్తుంది, మనం ఇచ్చిన కాలమ్‌ని అది తీసుకుంది.

ఇక అందరూ తిట్టుకునే విషయం: ఎల్‌మర్ టేబుల్‌లో పీ వాల్యూ (అసలు ప్రభావమే లేకపోతే ఇంత తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం) ఉండదు. టీ వాల్యూతో (అంకెని దాని స్టాండర్డ్ ఎర్రర్‌తో భాగిస్తే వచ్చేది) ఆపేస్తుంది. దీన్ని రాసినవాళ్లలో ఒకరైన డగ్లస్ బేట్స్ 2006లోనే కారణం చెప్పారు: ఇలాంటి మోడల్స్‌లో టీ నుంచి పీకి వెళ్లాలంటే కావలసిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ (డేటాలో స్వతంత్రమైన సమాచారం ఎంత ఉందన్న లెక్క) ఎంత అన్నదానికి సూటి జవాబు లేదు. కావాలంటే ఎల్‌మర్‌టెస్ట్ అనే ఇంకో ప్యాకేజీ లోడ్ చేసుకోండి, సాటర్త్‌వైట్ పద్ధతిలో లెక్కకట్టి ఇస్తుంది. స్లీప్‌స్టడీకి మనిషికో ఇంటర్‌సెప్ట్ ఒక్కటే ఇస్తే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 161 అంటుంది, స్లోప్ కూడా ఇస్తే 17 అంటుంది. ఉన్నది 18 మంది. ఏది నమ్మబుద్ధేస్తుందో మీరే చెప్పండి.

హెచ్చరికల విషయంలో మాత్రం ఓపిక ఉండాలి. "సింగ్యులర్ ఫిట్" అని ఎర్రగా వచ్చినప్పుడల్లా నాకు టెన్షన్. చాలాసార్లు అర్థం ఇంతే: ఏదో ఒక వేరియన్స్ సున్నాకి చేరింది, లేదా ఇంటర్‌సెప్ట్‌లకీ స్లోప్‌లకీ మధ్య కోరిలేషన్ సరిగ్గా 1కో −1కో అతుక్కుపోయింది, అంటే ఉన్న డేటాకి మించి అడిగాం. ఇక్కడ పెద్దల్లోనే ఏకాభిప్రాయం లేదు. డిజైన్ ఎన్ని రాండమ్ స్లోప్స్‌కి (మనిషి మనిషికీ మారే స్లోప్‌లకి) చోటిస్తే అన్నీ పెట్టమని బార్, ఆయన సహచరులు 2013లో వాదించారు, డేటా మోయగలిగినంతే పెట్టమని బేట్స్, క్లీగల్ వాళ్లు 2015లో అన్నారు. నా మటుకు నేను, ఏ ప్రభావం గురించి పేపర్‌లో రాయబోతున్నానో దాని స్లోప్‌ని చివరిదాకా వదలను, ముందు కోరిలేషన్లు తీసేస్తాను. కన్వర్జ్ కాలేదని (లెక్క ఒక జవాబు దగ్గర స్థిరపడలేదని) వస్తే ఆల్‌ఫిట్ నడపండి, అది అదే మోడల్‌ని వేర్వేరు ఆప్టిమైజర్లతో (జవాబు వెతికే పద్ధతులతో) వేస్తుంది, అన్నీ దాదాపు ఒకే అంకె ఇస్తే ఊపిరి పీల్చుకోవచ్చు.

ఇప్పుడు నా బోల్తా. రెండు కండిషన్లు (నిశ్శబ్దం, గోల), రెండు రకాల పదాలు (తెలిసినవి, అరుదైనవి). రియాక్షన్ టైమ్ అంకెలు, మిల్లీసెకన్లలో, కాస్త గుండ్రం చేసి చెప్తా: నిశ్శబ్దంలో తెలిసిన పదానికి 600, అరుదైనదానికి 650, గోలలో తెలిసినదానికి 600, అరుదైనదానికి 700. ఇంటరాక్షన్ (గోల ప్రభావం పదం రకాన్నిబట్టి ఎంత మారుతోందన్నది) పెట్టి మోడల్ వేస్తే "గోల" అన్న వరసలో సున్నా వచ్చింది. గోల ప్రభావం లేదని డ్రాఫ్టులో రాసేశాను కూడా. సీనియర్ ఒకామె చదివి "సగటులు గ్రాఫ్ గీశావా అసలు?" అంది. గీశాను. గోలలో సగటు 650, నిశ్శబ్దంలో 625, పాతిక తేడా కళ్లముందే ఉంది. మరి సున్నా ఎక్కడిది? ఆర్ డీఫాల్ట్ ట్రీట్‌మెంట్ కోడింగ్‌లో (ఒక రకాన్ని 0, రెండోదాన్ని 1 అని రాసుకోవడం) ఆ వరస చెప్పేది తెలిసిన పదాల దగ్గర మాత్రమే గోల ప్రభావం ఎంత అని, 600కి 600 తీసేస్తే సున్నాయేగా. కోడింగ్‌ని −0.5, +0.5కి మారిస్తే అదే వరసలో 25 వచ్చింది. ఇంటరాక్షన్ రెండిటిలోనూ 50, అది మారలేదు. డేటా అదే, ఫిట్ అదే, మారిందల్లా ఆ వరస ఏ ప్రశ్నకి జవాబన్నదే. అప్పటినుంచి టేబుల్ చూసేముందు కాంట్రాస్ట్‌లు, అంటే ఈ కోడింగ్ అంకెలు, ప్రింట్ చేసుకుంటున్నాను.

తప్పు, ఒప్పు లాంటి డేటాకి ఇదే ప్యాకేజీలో గ్లెమర్ అనే ఫంక్షన్ ఉంది, బాగానే పనిచేస్తుంది, నెమ్మది. అందులో అంకెలు లాగ్ ఆడ్స్‌లో (ఒప్పు, తప్పు అవకాశాల నిష్పత్తికి లాగరిథమ్) ఉంటాయని మర్చిపోవద్దు: 0.7 అంటే 50 శాతాన్ని 67కి తీసుకెళ్తుంది, అదే 0.7 తొంభై శాతాన్ని 95 దగ్గరికే తీసుకెళ్తుంది. "పూర్తిగా ఒప్పుకుంటాను" తరహా అయిదు మెట్ల జవాబులకి మాత్రం ఇది కాదు, ఆర్డినల్ ప్యాకేజీయో బీఆర్‌ఎమ్‌ఎస్ ప్యాకేజీయో చూసుకోండి.

అయిదుకి నాలుగు. ఆ ఒక్కటీ హెచ్చరికల భాషకి కోశాను. కాంట్రాస్ట్‌ల గొడవకి కోయలేదు, అది ఆర్ డీఫాల్ట్, పైగా గ్రాఫ్ గీయనిది నేను.