ఆర్‌ఎక్స్ 100 కొంటున్నారా? హెడ్డు విప్పించి చూడనిదే డబ్బు ఇవ్వకండి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో పాత యమహా ఆర్‌ఎక్స్ 100 కోసం వెతుకుతున్న మిత్రులకు ఈ విషయం ఆలస్యం లేకుండా తెలియాలని రాస్తున్నాను. ఏప్రిల్ చివర్లో తిరుపతిలోని ఒక పాత బండ్ల వ్యాపారి దగ్గర 1,12,000 రూపాయలకు నేను కొన్న బండిలో అదే కంపెనీ పెద్ద ఇంజను బండి అయిన ఆర్‌ఎక్స్ 135 బ్లాకు (పిస్టన్ కదిలే సిలిండర్ భాగం) మీద ఆర్‌ఎక్స్ 100 హెడ్డు (దాని పైమూత) బిగించి ఉంది. ఆ సంగతి, కొన్న పంతొమ్మిదో రోజున భాకరాపేట ఘాట్‌లో ఇంజను పట్టేసిన తర్వాత గానీ నాకు తెలియలేదు. అదే అంగడిలో అదే విధంగా కొత్త రంగు వేసి నిలబెట్టిన మరో మూడు బండ్లను నేను కళ్లారా చూశాను కాబట్టి, ఇది నా ఒక్కడితో ఆగే వ్యవహారం కాదేమోనని భయపడుతున్నాను.

కొనే ముందు నేను ఏమీ పరిశీలించలేదని అనుకోవద్దు. ఆర్‌సీలో ఉన్న ఇంజను నంబరును, ఛాసిస్ నంబరును బండి మీది నంబర్లతో అంకె అంకె సరిచూశాను. ఏపీ 03 రిజిస్ట్రేషన్ కాబట్టి కాగితాలు చిత్తూరు జిల్లావేనని తేల్చుకున్నాను. చల్లగా ఉన్న ఇంజనును నా కాలితోనే కిక్ కొట్టి స్టార్ట్ చేశాను. నా దృష్టికి రానిది ఒక్కటే: ఇంజను నంబరు ఉండేది క్రాంక్‌కేసు (ఇంజను అడుగున ఉండే పెట్టె) మీద. దానిపైన కూర్చునే బ్లాకుకు గానీ, బ్లాకు మీద కూర్చునే హెడ్డుకు గానీ ఆర్‌సీతో పోల్చుకోదగిన నంబరు ఏదీ లేదు. నంబరు సరిపోయినంత మాత్రాన ఇంజను పైభాగం ఆ బండిదేనని రుజువు కాదన్న ఆలోచన నాకు అప్పుడు తట్టలేదు. కిక్ మామూలు కన్నా బరువుగా తగిలినప్పుడు, "కంప్రెషన్ కొత్త బండిలో ఉన్నట్టే ఉంది చూడండి సార్" అని వ్యాపారి అన్న మాటను నమ్మాను. నిజానికి ఆ బరువే మొదటి హెచ్చరిక.

మొదటి రెండు వారాలు బండి ఊళ్లో బాగానే తిరిగింది. అయితే గేరు తగ్గించకుండా యాక్సిలరేటర్ ఎక్కువ తిప్పినప్పుడల్లా, రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు హెడ్డులోంచి కటకటమని శబ్దం వచ్చేది. పెట్రోలు మంచిది కాదేమోనని బంకు మార్చాను గానీ శబ్దం మారలేదు. మే నెల ఎండలో పీలేరులో ఉన్న మా చిన్నాన్న ఇంటికి బయలుదేరి, రంగంపేట దాటి ఘాట్ ఎక్కుతుండగా, మూడో గేరులో ఆ శబ్దం ఉన్నట్టుండి పెరిగి, వెనక చక్రం పట్టేసి, బండి అడ్డంగా జారింది. క్లచ్ వెంటనే పట్టుకోగలిగాను కాబట్టి పడలేదు. వెనక లారీ వస్తూ ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

పీలేరులో ఏళ్ల తరబడి టూ స్ట్రోక్ బండ్లే బాగుచేస్తున్న ఒక పెద్దాయన దగ్గర ఇంజను విప్పించాను. నాలుగు నట్లు ఊడదీసి హెడ్డు పైకెత్తిన తర్వాత ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నాయనా, హెడ్డు నూరుది, బ్లాకు నూటముప్పై అయిదుది. రెంటికీ పొత్తు ఎట్ల కుదురుతుంది?" అన్నారు. వెర్నియర్ (సన్నని కొలతలు తీసే పరికరం) పెట్టి కొలిస్తే బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 58.25 మి.మీ. వచ్చింది, అంటే అది ఒకసారి రీబోర్ (అరిగిన సిలిండర్‌ను లోపల కోసి కాస్త వెడల్పు చేయడం) కూడా అయిన 135 బ్లాకు. పైన బిగించిన హెడ్డు లోపలి గిన్నె మాత్రం 50 మి.మీ. బోరుకు చేసినది. రెంటి నడుమ గ్యాసు కారకుండా వేసే పలుచని హెడ్ ప్యాకింగు ఒకటికి బదులు రెండు, ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి. పిస్టన్ తల అంచున చీమలు కొరికినట్టు సన్నని గుంటలు పడ్డాయి, పక్క గోడ నిలువునా గీరుకుపోయింది, పై రింగు గాడిలోనే ఇరుక్కుపోయింది.

ఈ పొత్తు ఎందుకు కుదరదో వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే "హెడ్డు ఏదైతే ఏమి, బిగిసింది కదా" అనేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆర్‌ఎక్స్ 100 బోరు 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కిందినుంచి పైకి కదిలే దూరం) 50 మి.మీ.; సిలిండర్ ఘనపరిమాణం 98 సీసీ. 135లో స్ట్రోకు అదే 50 మి.మీ. అయినా బోరు 58 మి.మీ. కాబట్టి ఘనపరిమాణం 132 సీసీ. టూ స్ట్రోక్ హెడ్డులో వాల్వులు ఉండవు, చైను ఉండదు. పైన చల్లబరిచే రెక్కలు (ఫిన్నులు), లోపల ఒక గిన్నె, నడుమ ప్లగ్గుకు రంధ్రం, అంతే. చూడటానికి ఇంత సాదాగా ఉన్నా, ఆ గిన్నె లోతు, వెడల్పు, అంచు వాలు ఆ బోరుకే లెక్కగట్టి చేసినవి. లెక్క సులువుగా ఉండటానికి, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక 100 హెడ్డు కింద మిగిలే ఖాళీ 10 సీసీ అనుకుందాం. సొంత బ్లాకు మీద 108 సీసీ మిశ్రమం 10 సీసీలోకి నొక్కుకుంటుంది, కంప్రెషన్ నిష్పత్తి 10.8. అదే హెడ్డును 135 బ్లాకు మీద పెడితే 142 సీసీ అదే ఖాళీలోకి కూరుకోవాలి, నిష్పత్తి 14.2. (కంపెనీ ఇచ్చే అంకెలు ఇంతకన్నా చాలా తక్కువగా ఉంటాయి, పొగ బయటికి పోయే రంధ్రం (ఎగ్జాస్ట్ పోర్టు) మూసుకున్న తర్వాత మిగిలే ఘనపరిమాణాన్నే వారు లెక్కిస్తారు. పెరుగుదల మాత్రం అక్కడా తప్పదు.)

ఇంతటితో అయిపోలేదు. 50 మి.మీ. గిన్నెను 58 మి.మీ. బోరు మీద బోర్లిస్తే చుట్టూ 4 మి.మీ. మేర హెడ్డు చదును ముఖం బోరు మీదికి చొచ్చుకువస్తుంది. గోపురంలా కొద్దిగా ఉబ్బిన పిస్టన్ తల దానికి తగిలే ప్రమాదం ఉంది కాబట్టే రెండో ప్యాకింగు వేశారని పెద్దాయన అభిప్రాయం, నాకూ అదే నిజమనిపిస్తోంది. అర మి.మీ. మందం ఉన్న ప్యాకింగు ఆ బోరులో దాదాపు 1.3 సీసీ ఖాళీని కలుపుతుంది. దానివల్ల పై లెక్కలో 14.2 కాస్తా 12.7కు దిగుతుందే తప్ప 10.8కి రాదు. పైగా అంచు దగ్గర సందు పెరగడం వల్ల, పిస్టన్ పైకి వచ్చేటప్పుడు అంచుల్లోని మిశ్రమాన్ని ప్లగ్గు వైపు నెట్టే పని సరిగా జరగదు. అక్కడ మిగిలిపోయిన మిశ్రమం ఆ ఒత్తిడికీ వేడికీ మంట తనదాకా రాకముందే పేలుతుంది. నేను విన్న కటకట శబ్దం అదే. చదును రోడ్డు మీద ఇంజను దాన్ని కొంతకాలం ఓర్చుకుంటుంది. ఎండలో, ఎత్తులో, బరువు మీద పిస్టన్ వేడెక్కి వ్యాకోచించి సిలిండర్ గోడను పట్టేస్తుంది. 135 హెడ్డును 100 బ్లాకు మీద పెట్టిన బండ్లలో తప్పు మరో వైపు నుంచి వస్తుంది: ఖాళీ ఎక్కువై లాగుడు పోతుంది, ప్యాకింగు ఆనే చోటు తగ్గి గ్యాసు కారుతుంది. అది నష్టమే గానీ ఇంతటి ప్రమాదం కాదు.

నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది తర్వాత తెలిసిన విషయం. పెద్ద బ్లాకు స్లీవు (లోపలి గొట్టం) దిగడానికి నా బండి క్రాంక్‌కేసు నోటిని లేత్ మీద కోసి పెద్దది చేశారు. ఇప్పుడు అసలు 100 బ్లాకు తెచ్చినా అది అక్కడ సరిగా కూర్చోదు. క్రాంక్‌కేసు మారుద్దామంటే ఇంజను నంబరు దాని మీదే ఉంది. పోనీ 135 హెడ్డే తెచ్చి 135గానే నడుపుకుందామంటే ఆర్‌సీ 98 సీసీ అంటుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అనుమతించదు. 1985లో ఎస్కార్ట్స్ మొదలుపెట్టి 1996లో ఆపేసిన బండికి అసలు బ్లాకు దొరకడం కష్టమే, 135 తర్వాత కూడా కొన్నేళ్లు తయారైంది కాబట్టి దాని భాగాలు కొంత సులువుగా దొరుకుతాయి. ఆ ఇబ్బందిని నేను అర్థం చేసుకోగలను. కొనేవాడికి చెప్పకుండా దాచడాన్ని మాత్రం క్షమించలేను.

కాబట్టి అడ్వాన్సు ఇచ్చే ముందే మీ ఎదుట హెడ్డు విప్పమని అడగండి. నాలుగు నట్లు, ఒక ప్లగ్గు, పావుగంట పని. కొత్త ప్యాకింగు ఖర్చు మీరే పెట్టుకోండి. వెర్నియర్ వెంట తీసుకువెళ్లి బోరు కొలవండి. ఎన్నిసార్లు రీబోర్ అయినా 100 బోరు సాధారణంగా 51 మి.మీ. దాటదు. స్ట్రోకు రెంటిలోనూ ఒకటే కావడం వల్ల ప్లగ్గు రంధ్రంలో పుల్ల పెట్టి చూసే పాత పద్ధతితో ఏమీ తెలియదు. ప్యాకింగు ఒకటే ఉందా, దాని లోపలి అంచు బోరుతోనూ హెడ్డు గిన్నెతోనూ సరిగ్గా కలుస్తోందా అన్నది వేలితో తడిమి చూడండి. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య నల్లని నూనె చారలు కనిపిస్తే అనుమానించండి. ఇప్పటికే బండి కొన్నవారు కటకట శబ్దం వింటూ ఉంటే, దయచేసి హెడ్డు విప్పించి చూసేదాకా ఘాట్ ఎక్కవద్దు.

వ్యాపారి మొదట తనకేమీ తెలియదన్నాడు. ప్యాకింగులు రెండూ ముందు పెట్టాక, అమ్మిన సరుకుకు బాధ్యత లేదన్నాడు. రాతపూర్వకంగా ఫిర్యాదు సిద్ధం చేసుకుంటున్నాను. ఆ హెడ్డు, రెండు ప్యాకింగులు, గుంటలు పడ్డ పిస్టన్ నా దగ్గరే ఉన్నాయి. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఎవరైనా ఆర్‌ఎక్స్ 100 చూడటానికి వెళుతూ తోడు కావాలనుకుంటే, ఆదివారాల్లో వెర్నియర్ తీసుకుని నేను వస్తాను.