మొదటి రబ్బరు విమానానికి పుల్ల బాడీ మేలా, గూడు బాడీ మేలా?

రబ్బరుకి కీ ఇచ్చి వదిలే బాల్సా (చాలా తేలికైన చెక్క) విమానం చేద్దామనుకున్నవాళ్లకి మొదటి సందేహం ఇక్కడే వస్తుంది. ఒక రకంలో బాడీ అంటే ఒకే ఒక్క పుల్ల. దాని మీద కాగితం రెక్క, కింద సాగదీసి తగిలించిన రబ్బరు, అంతే. రెండో రకం అచ్చం అసలు విమానంలా ఉంటుంది. సన్న పుల్లలతో గూడు కట్టి, పైన పల్చటి టిష్యూ కాగితం అతికించి, రబ్బరుని కడుపులో దాచుకుంటుంది. పెట్టె మీద బొమ్మ చూస్తే ఎవరికైనా రెండోదే కొనాలనిపిస్తుంది. నేనూ అదే కొన్నాను. మూడు వారాలు రాత్రిళ్లు కూర్చుని కట్టాను. గ్రౌండులో 4 సెకన్లు ఎగిరి, ముక్కు నేలకి కొట్టుకుని, మూడు పుల్లలు విరిగాయి.

అందుకని నా ఓటు పుల్ల బాడీకే. మీరు కట్టే మొదటి విమానానికి మాత్రమే కాదు, రెండో విమానానికి కూడా.

దాన్ని చిన్నపిల్లల ఆట అని తీసిపారేయక్కర్లేదు. 1871లో పారిస్‌లోని ట్యూలరీ తోటలో అల్ఫాన్స్ పెనో అనే ఫ్రెంచి విమాన ప్రయోగకారుడు ఎగరేసింది ఈ రకమే. బరువు 16 గ్రాములు, ప్రొపెల్లర్ వెనకాల. 11 సెకన్లలో సుమారు 40 మీటర్లు పోయింది. రెక్క కంటే తోకని కాస్త తక్కువ కోణంలో పెట్టడమే ఆయన కిటుకు. ముక్కు వాలినా దానంతటదే సర్దుకుంటుంది. మన మోడల్స్ ఇప్పటికీ నిలకడగా ఎగిరేది ఆ కోణం తేడా పుణ్యమే.

పని విషయానికొస్తే, అమెరికాలో ఫ్రాంక్ ఎలింగ్ పిల్లల కోసం గీసిన డెల్టా డార్ట్ అనే పుల్ల విమానాన్నే చూడండి. ప్లాను టిష్యూ కాగితం మీదే అచ్చేసి ఉంటుంది. గీతల మీద గమ్ రాసి పుల్లలు అతికిస్తే రెక్క అయిపోయినట్టే. ఒక సాయంత్రం చాలు. గూడు బాడీ అయితే ప్లాను మీద పాలిథిన్ కవర్ పరిచి, గుండుసూదులతో పుల్లలు నిలబెట్టి, రెండు పక్కలూ ఒకేలా వచ్చాయో లేదో చూసుకుంటూ కట్టాలి. ఆ పైన టిష్యూ వేసి, నీళ్లు చల్లి బిగించాలి. గాలిపటం కాగితంతో కానిద్దామని నేనొకసారి ప్రయత్నించాను. ఒకచోట బిగిసింది, ఇంకోచోట ముడతలు పడింది, రెక్క అప్పడంలా మెలి తిరిగింది. (అయినా ఆ పని చేస్తుంటే వచ్చే సుఖం వేరు. ఎగరకపోయినా సరే, కట్టడమే కావాలనుకునేవాళ్లకి గూడు బాడీని మించింది లేదు.)

అసలు తేడా బరువులో ఉంది. వంటింటి డిజిటల్ త్రాసు మీద నా పుల్ల విమానం 11 గ్రాములు తూగింది, గూడు విమానం 34. బరువు పెరిగితే వేగంగా ఎగరాలి, దానికి లావు రబ్బరు కావాలి. రబ్బరు మందం రెట్టింపు చేస్తే తిప్పే బలం దాదాపు 2.8 రెట్లవుతుంది, కానీ పట్టే చుట్లు 70 శాతానికి పడిపోతాయి. అంటే మొదట్లో ఒక్క ఊపు ఊపి, తొందరగా అయిపోతుంది. అందుకే గూడు బాడీ మొదలుపెట్టినవాడికి బాల్సా ఏరుకోవడం రాకపోతే కష్టం. 3 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల పొడవు, 1/16 అంగుళం మందం ఉన్న షీటు 11 గ్రాములూ ఉండొచ్చు, 22 గ్రాములూ ఉండొచ్చు. చూడ్డానికి రెండూ ఒకటే. త్రాసు జేబులో పెట్టుకుని షాపుకెళ్తే యజమాని వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

ఇక ట్రిమ్మింగ్, అంటే విమానం సరిగ్గా ఎగిరేలా సర్దుబాట్లు చేసుకోవడం. నన్నడిగితే సగం విమానం ఇక్కడే తయారవుతుంది. పోయిన చలికాలం మా మేనల్లుడితో ఒక ఉదయం ఆరున్నరకి స్కూలు గ్రౌండుకి వెళ్లాను. ఆకు కదలడం లేదు. ముందు కీ ఇవ్వకుండా, భుజం ఎత్తు నుంచి ముక్కు కొంచెం కిందికి పెట్టి మెల్లగా తోశాడు. లేచింది, ఆగింది, ముక్కు మీద పడింది.

“మామయ్యా, బరువెక్కువైందా?”

“కాదురా, ముక్కు తేలికైంది. రెక్కని కొంచెం వెనక్కి జరుపు.”

పుల్ల బాడీలో ఉన్న సుఖమిదే. రెక్కని పట్టి ఉంచేది రబ్బరు బ్యాండు కాబట్టి అర సెంటీమీటరు జరపడం క్షణం పని. మూడోసారికి నేల మీదికి జారుకుంటూ దిగింది. తర్వాత 100 చుట్లు ఇచ్చాం, బాగానే పోయింది. 250 ఇచ్చేసరికి నిటారుగా లేచి, గాల్లో తటపటాయించి, వెనక్కి జారింది. గ్లైడ్ (కీ లేకుండా గాల్లో జారడం) బాగుండి, కీ ఇచ్చినప్పుడే ఇలా అయితే తప్పు రెక్కది కాదు, ప్రొపెల్లర్ చూపుది. విజిటింగ్ కార్డు ముక్క చిన్నది కత్తిరించి, ప్రొపెల్లర్ పట్టే క్లిప్పుకీ పుల్లకీ మధ్య పై వైపున దోపాను. చూపు ఒక వెంట్రుకవాసి కిందికి తిరిగింది. ఈసారి గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, రబ్బరు అయిపోయాక కూడా తిరుగుతూనే దిగింది. 31 సెకన్లు. వాడు గ్రౌండంతా పరిగెత్తాడు.

ముక్కు తేలికయ్యే ఆ మొదటి తప్పే గూడు బాడీకి వస్తే రెక్క జరపడం కుదరదు, అది బాడీకి అతుక్కుని ఉంటుంది. ముక్కులో మైనం ముద్దలు కూరాలి, అంటే మళ్లీ బరువు. రబ్బరు తెగిందంటే మరీ ఘోరం. పుల్ల బాడీలో వేలికి ఒక చురుక్కుతో పోతుంది. గూడు లోపల పూర్తి కీ మీద తెగితే పక్కటెముకలన్నీ చీల్చుకుని బయటికొస్తుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు లోపల గొట్టం పెట్టి, దానిలోంచి రబ్బరుని నాలుగైదు రెట్లు సాగదీసి తిప్పుతారు.

పుల్ల బాడీకీ ఒక జబ్బుంది. మెత్తటి పుల్ల అయితే పూర్తి కీకి విల్లులా వంగుతుంది, అప్పుడు పొద్దుటి ట్రిమ్మింగంతా వృథా. బాడీకి మాత్రం గట్టి బాల్సానే వాడండి.

రబ్బరు సంగతి రెండింటికీ ఒకటే. కిరాణా రబ్బరు బ్యాండ్లు ముడేసి గొలుసు కట్టొద్దు. మోడల్ విమానాల కోసమే అమ్మే పట్టీ రబ్బరు తెచ్చుకుని, ఆముదం పల్చగా రాసి, ఎండ తగలకుండా డబ్బాలో పెట్టుకోండి. మిషను నూనె రాస్తే రబ్బరు పాడవుతుంది.

మేనల్లుడు ఇప్పుడు గూడు బాడీకి దిగాడు. పీనట్ అంటారు, రెక్క 13 అంగుళాలకి మించకూడదు. ప్లాను పలక మీద అతికించి పది రోజులైంది. ఇంకా ఒక్క పుల్లా కొయ్యలేదు. 11 గ్రాముల షీటు దొరికేదాకా బ్లేడు తీయనంటున్నాడు.