‘రెడీమేడ్ టూల్‌బార్ సెట్టింగ్’ కొనేముందు నా మూడు వందల శుభలేఖల సంగతి వినండి

గుంటూరు, విజయవాడల్లో డీటీపీ, ఫ్లెక్స్ డిజైన్ చేసుకునేవాళ్లకి ఈ హెచ్చరిక. మనం డిజైన్లు చేసుకునే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌కి “రెడీమేడ్ టూల్‌బార్ సెట్టింగ్” అంటూ, అంటే బటన్లన్నీ ముందే అమర్చిపెట్టి, పెన్‌డ్రైవ్‌లో తెచ్చి 2,500 రూపాయలకి అమ్ముతున్నారు. నేను కొని మోసపోయాను.

మాది అరండల్‌పేటలో చిన్న షాపు. శ్రావణమాసం ముహూర్తాల ముందు ఒక కుర్రాడు ల్యాప్‌టాప్‌తో వచ్చాడు. “మెనూల్లోకి వెళ్లే పనే ఉండదన్నా” అని తన స్క్రీన్ చూపించాడు. నిజం చెప్పాలంటే భలే ఉంది. పవర్‌క్లిప్, వెల్డ్, ట్రిమ్ లాంటి రోజూ వాడే కమాండ్లు, కార్డు సైజులు అన్నీ పైన ఒకే వరసలో. కంట్రోల్ క్యూ కొడితే ఫైల్లో ఉన్న అక్షరాలన్నీ ఒకేసారి కర్వ్స్, అంటే ఫాంట్‌తో పనిలేని గీతల బొమ్మలు, అయిపోయాయి. నాకు నోరూరింది.

పది నిమిషాల్లో నా సిస్టమ్‌లో తన వర్క్‌స్పేస్ (బటన్లు, షార్ట్‌కట్‌ల అమరిక ఉండే ఫైలు) ఇంపోర్ట్ చేసి, డబ్బులు ఫోన్‌లో కొట్టించుకుని వెళ్లిపోయాడు. ఏళ్ల తరబడి నా చేతికి అలవాటైన అమరిక పోయింది. పాతది దాచిపెట్టావా అని నేను అడగలేదు, అతను చెప్పనూలేదు. కొత్త బటన్లలో సగం నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. అవి మాక్రోలకి, అంటే ఒక్క నొక్కుతో వరసగా పనులు చేసే చిన్న ప్రోగ్రాములకి, కట్టిన బటన్లు. మాక్రోలు జీఎంఎస్ ఫైళ్లలో విడిగా ఉంటాయి. అతను ఇచ్చింది వర్క్‌స్పేస్ ఫైలు ఒక్కటే.

అసలు దెబ్బ కంట్రోల్ క్యూ దగ్గర తగిలింది. మామూలుగా అది కన్వర్ట్ టు కర్వ్స్. వర్క్‌స్పేస్‌తో పాటు షార్ట్‌కట్‌లు కూడా మారిపోతాయి కదా, అతను దాన్ని తన మాక్రోకి కట్టుకున్నాడు. నా దగ్గర ఆ మాక్రోనే లేదు. నేను అలవాటుగా కంట్రోల్ ఏ, కంట్రోల్ క్యూ కొట్టి, సేవ్ చేసి ప్రెస్‌కి పంపేశాను. అక్షరాలు అక్షరాలుగానే వెళ్లాయి. నేను వాడిన తెలుగు ఫాంట్ ‘అను’ ప్రెస్ వాళ్ల దగ్గరా ఉంది, కానీ వెర్షన్ వేరు. పేరు ఒకటే కావడంతో ఫాంట్ లేదన్న వార్నింగ్ కూడా రాలేదట. పొద్దున్నే 300 కార్డులు వచ్చాయి. పెళ్లికూతురి పేరులో ‘ప్రసన్న’ కాస్తా ‘ప్రసన’ అయింది, ‘లక్ష్మి’లో ఒత్తు పక్కకి వెళ్లి కూర్చుంది. “మా అమ్మాయి పేరే దొరికిందా బాబూ” అన్నారు వాళ్ల నాన్నగారు. మళ్లీ నా ఖర్చుతోనే వేయించాను. తప్పులో నా వాటా లేదని అనను, పంపేముందు చూసుకోవాల్సింది.

ఫోన్ చేస్తే “మీ వెర్షన్ ప్రాబ్లమ్ అన్నా, రిమోట్‌లో చూడాలంటే ఇంకో వెయ్యి అవుద్ది” అన్నాడు. ఆ తర్వాత ఎత్తడం మానేశాడు.

అసలు అందులో కొనేంత బ్రహ్మవిద్య ఏమీ లేదు. టూల్‌బార్ మీద రైట్ క్లిక్ చేసి లాక్ టూల్‌బార్స్ టిక్ తీసేస్తే ఎక్కడికి కావాలంటే అక్కడికి లాక్కోవచ్చు. ఆల్ట్ పట్టుకుని లాగితే ఒక బార్‌లోని ఐకాన్ ఇంకో బార్‌లోకి వెళ్తుంది. షార్ట్‌కట్‌లు ఆప్షన్స్‌లో కస్టమైజేషన్ కింద ఉంటాయి. నేను ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుని, టీ చల్లారేలోపు కాదు గానీ రెండు టీలు అయ్యేలోపు, మొత్తం మళ్లీ అమర్చుకున్నాను.

ఎవరిచేతైనా సెట్టింగ్ చేయించే పనైతే ముందు మీ వర్క్‌స్పేస్‌ని ఎక్స్‌పోర్ట్ చేసి వేరే డ్రైవ్‌లో పెట్టుకోండి. కొత్త వెర్షన్లలో విండో మెనూలో వర్క్‌స్పేస్ దగ్గర ఉంటుంది. ఎఫ్8 పట్టుకుని కోరల్ తెరిస్తే ఫ్యాక్టరీ సెట్టింగ్ వస్తుందని చాలామందికి తెలుసు. అది మీరు సొంతంగా చేసుకున్న మార్పుల్ని కూడా తుడిచేస్తుంది, అది అడిగినప్పుడు టెన్షన్‌లో ‘యెస్’ కొట్టేయకండి. మాక్రోలూ ఇస్తానంటే ఇంకా జాగ్రత్త. అవి ప్రోగ్రాములు, ఊరూపేరూ తెలియనివాటిని మీ ఫైళ్లున్న సిస్టమ్‌లోకి ఎక్కించుకోవద్దు.

డబ్బులు ఇచ్చేముందు అతని ల్యాప్‌టాప్‌లో కాదు, మీ సిస్టమ్‌లో ఒక తెలుగు పేరు టైప్ చేసి కంట్రోల్ క్యూ కొట్టించండి. దాన్ని సెలెక్ట్ చేసి కింద స్టేటస్ బార్ చూడండి. కర్వ్ అని రావాలి. ఆర్టిస్టిక్ టెక్స్ట్ అనే ఉంటే, అంటే ఇంకా అక్షరాలుగానే ఉంటే, పెన్‌డ్రైవ్ తీసుకెళ్లమనండి. నా దగ్గరికి వచ్చినతను ఇప్పుడు విజయవాడ గాంధీనగర్ వైపు తిరుగుతున్నాడని విన్నాను. రేటు 3,000 చేశాడట.