ఇడ్లీ పిండికి గ్రైండరా, మిక్సీయా, ప్యాకెట్టా?

గ్రైండర్ కొనాలా వద్దా అనే మాట ఎత్తితే చాలు, ఇంట్లో రెండు పార్టీలు తయారవుతాయి. గ్రైండర్ పిండి మెత్తదనం మిక్సీకి రానే రాదని ఒకరు. అది కడిగే పని ఎవరు చేస్తారని ఇంకొకరు. ఈ మధ్య మూడో పార్టీ కూడా పుట్టింది: ఈ గోలంతా ఎందుకు, వీధి చివర ప్యాకెట్ పిండి దొరుకుతుంది కదా అని. ముగ్గురి మాటలోనూ ఎంతో కొంత నిజం ఉంది. కానీ ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. మీ ఇంట్లో ఇడ్లీ దేంతో చేస్తారు, రవ్వతోనా, బియ్యంతోనా?

తమిళనాడు పద్ధతిలో ఉప్పుడు బియ్యం నానబోసి, పప్పుతో పాటు దాన్నీ రుబ్బాలి. నాలుగు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు మినపగుళ్లు అక్కడ మామూలు కొలత. రుబ్బే సరుకులో ఐదింట నాలుగు వంతులు గట్టి బియ్యమే అన్నమాట. అంత బియ్యాన్ని మిక్సీలో వాయిలు వాయిలుగా తిప్పడం పెద్ద పని. అందుకే అక్కడ గ్రైండర్ లేని ఇల్లు అరుదు. ఆ గ్రైండర్లు తయారుచేసే కోయంబత్తూరుకు ఆ వస్తువు మీద భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది.

మన దగ్గర ఎక్కువ ఇళ్లలో ఇడ్లీ రవ్వ వాడతాం. గ్లాసు పప్పుకి రెండు గ్లాసుల రవ్వ. ఆ రవ్వ ముందే మరలో ఆడి వచ్చిన సరుకు. మనం కడిగి, నానబెట్టి, నీళ్లు పిండి కలపడమే. యంత్రంలోకి వెళ్లేది ఆ ఒక్క గ్లాసు పప్పు. ఆన్‌లైన్‌లో చూసే ఇడ్లీ సలహాల్లో చాలావరకు బియ్యం రుబ్బేవాళ్లవి. అవి విని, వారానికోసారి రవ్వ ఇడ్లీ పెట్టే నలుగురున్న ఇంట్లో పదికిలోల యంత్రం కొని గట్టు మీద పెట్టేస్తారు. రెండు నెలలకి అది అటకెక్కుతుంది.

కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. ఇడ్లీ రవ్వ వాడే చిన్న కుటుంబానికి మిక్సీ చాలు. బియ్యం రుబ్బే ఇంటికి, గారెలంటే ప్రాణం పెట్టే ఇంటికి గ్రైండర్ దండగ కాదు. ప్యాకెట్ పిండి దోశకి పరవాలేదు, ఇడ్లీకి మాత్రం నేను ఒప్పుకోను.

ఇప్పుడు ఎందుకో చెప్పాలి. ఇడ్లీ మెత్తదనమంతా మినప్పప్పులోనే ఉంది. నానిన పప్పుని రుబ్బుతుంటే అందులోని ప్రోటీన్లూ, జిగురు పదార్థమూ కలిసి గాలిని పట్టి ఉంచుతాయి. అందుకే పిండి తెల్లగా, తేలిగ్గా, నురగలా లేస్తుంది. తర్వాత రాత్రంతా పులిసేటప్పుడు బ్యాక్టీరియా కార్బన్ డయాక్సైడ్ విడుదల చేస్తుంది. ఇడ్లీ పిండిలో ఈ పని ముఖ్యంగా చేసేది ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనేది. అది పప్పూ బియ్యంతో పాటే వస్తుంది, మనం విడిగా ఈస్ట్ వేయనక్కర్లేదు. రుబ్బినప్పుడు చేరిన గాలి, పులిసినప్పుడు పుట్టిన గాలి, రెండూ ఆ జిగురులో చిక్కుకుని ఉంటేనే ఆవిరి తగలగానే ఇడ్లీ పొంగుతుంది. జిగురు సరిగ్గా రాకపోతే ఎంత పులిసినా గాలి జారిపోతుంది. పిండి పుల్లగా ఉంటుంది, ఇడ్లీ మాత్రం బిళ్లలా వస్తుంది.

ఇక్కడే గ్రైండర్‌కీ మిక్సీకీ తేడా వస్తుంది. మిక్సీ బ్లేడు ఖాళీగా తిరిగితే నిమిషానికి 18,000 చుట్లు దాటుతుంది. గ్రైండర్ డ్రమ్ము నూరూ నూటయాభై చుట్ల దగ్గరే ఉంటుంది. మిక్సీ పప్పుని కోస్తుంది, గ్రైండర్ రాళ్ల మధ్య నలుపుతుంది. నెమ్మదిగా అరగంట నలిగే పప్పులోకి గాలి బాగా చేరుతుంది, పిండి వేడెక్కదు. అదే గ్లాసు పప్పు గ్రైండర్‌లో వేస్తే మిక్సీ కంటే కళ్లకు కనబడేంత ఎక్కువ పిండి అవుతుంది. ఒదుగు ఎక్కువ, అంటారు కదా, అది నిజమే. గ్రైండర్‌లో రుబ్బితే గ్లాసు పప్పుకి రెండున్నర గ్లాసుల రవ్వ వేసినా ఇడ్లీ మెత్తగానే వస్తుంది. మిక్సీ పిండికి రెండు దాటితే గట్టిపడుతుంది.

అయితే మిక్సీ ఓడిపోయేది చాలాసార్లు బ్లేడు వల్ల కాదు, వేడి వల్ల. పిండి గట్టిగా ఉందని ఆపకుండా తిప్పితే జార్ బయటి నుంచే వెచ్చగా తెలుస్తుంది. ఆ వేడికి నురగ నిలవదు, పులియడమూ దారి తప్పుతుంది. దీనికి విరుగుడు కష్టమేమీ కాదు. పప్పు నానబెట్టిన గిన్నెని రుబ్బే ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. మామూలు నీళ్లకు బదులు ఐసు నీళ్లు వాడండి. జార్ సగానికి మించి నింపొద్దు. అరనిమిషం తిప్పి ఆపండి, అంచులకు అంటిన పిండి కిందికి తోయండి, మళ్లీ తిప్పండి. నీళ్లు చెంచాలతోనే పోయాలి. ఒకేసారి గ్లాసు నీళ్లు పోస్తే పప్పు బ్లేడు చుట్టూ ఈదుతుంది తప్ప నలగదు. చివర్లో పిండిని వెడల్పాటి గిన్నెలోకి తీసుకుని చేత్తో ఒకే వైపు రెండు మూడు నిమిషాలు గిలక్కొట్టండి. మిక్సీ ఇవ్వని గాలిని చెయ్యి ఇస్తుంది. చాలామంది వదిలేసేది ఈ ఒక్క పనే, ఆ తర్వాత తప్పు మిక్సీ మీద తోసేస్తారు.

పిండి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి గ్లాసుడు నీళ్లలో చిటికెడు పిండి వేసి చూడండి. తేలితే రవ్వ కలపొచ్చు. మునిగితే ఇంకాస్త రుబ్బాలి, లేదా గిలక్కొట్టాలి. ఏ యంత్రానికైనా ఈ పరీక్ష ఒకటే.

యంత్రం కంటే పప్పు ఎంపిక ముఖ్యమని కూడా నాకు అనిపిస్తుంది. బద్దల కంటే మినపగుళ్లు బాగా ఒదుగుతాయి. ఏడాది పాతబడ్డ పప్పుని కోయంబత్తూరు రాళ్లలో వేసినా జిగురు రాదు. పొట్టు మినప్పప్పు నానబెట్టి, చేత్తో నలిపి పొట్టు తేల్చి తీసి రుబ్బితే రుచే వేరు. ఆ ఓపిక ఈ రోజుల్లో ఎవరికుందంటే చెప్పలేను. నాలుగు నుంచి ఐదు గంటలు నానితే చాలు, రాత్రంతా నానబెట్టక్కర్లేదు. రవ్వని మాత్రం రెండు మూడు నీళ్లలో కడగాలి. అందులో ఉండే మెత్తటి పిండి పోకపోతే ఇడ్లీ జిగటగా వస్తుంది. కలిపేముందు రవ్వలో నీళ్లు గట్టిగా పిండెయ్యాలి.

గ్రైండర్ వైపు చెప్పాల్సిన కష్టాలు కొన్ని ఉన్నాయి. బరువు, చోటు సంగతి అందరికీ తెలుసు. అంతకంటే చిరాకు పెట్టేది కొద్ది పప్పు వేస్తే రాళ్ల కింద చిక్కకుండా డ్రమ్ము గోడలకు అంటుకుని తిరగడం. ఇద్దరున్న ఇంట్లో అరగ్లాసు పప్పు రుబ్బాలంటే రెండు లీటర్ల గ్రైండర్ పనికిరాదు. రాళ్లకు అంటిన పిండి గీకి తీయడం, ఇరుసు దగ్గర ఇరుక్కున్నది కడగడం, ఆరబెట్టడం, ఇదంతా రుబ్బినంత సేపు పడుతుంది. కానీ ఒక సుఖముంది. పప్పు వేసి వదిలేస్తే తన మానాన తిరుగుతుంది, మధ్యలో నాలుగు చుక్కల నీళ్లు చిలకరిస్తే చాలు. మిక్సీ దగ్గర మాత్రం చివరిదాకా నిలబడే ఉండాలి.

కరెంటు దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. గ్రైండర్ అరగంట తిరుగుతుంది కాబట్టి బిల్లు ఎక్కువని అనుకుంటారు. మామూలు టేబుల్ టాప్ గ్రైండర్ మోటారు 150 వాట్లు. అరగంట తిరిగితే 75 వాట్-అవర్లు. 750 వాట్ల మిక్సీ మొత్తం మీద ఆరు నిమిషాలు తిరిగితే కూడా సరిగ్గా అంతే. యూనిట్‌లో పదో వంతు కూడా కాదు. ఈ కారణంతో ఏదీ కొనొద్దు, ఏదీ మానొద్దు. చప్పుడు సంగతైతే మిక్సీదే పైచేయి, పొద్దున్నే పక్కింటివాళ్లు కూడా లేస్తారు.

ప్యాకెట్ పిండి దగ్గరికి వద్దాం. ఇంటికి చుట్టాలు వచ్చారు, పప్పు నానబెట్టలేదు, అలాంటప్పుడు అది దేవుడే. దాంట్లో ఇబ్బంది ఏంటంటే, పిండి ఎప్పుడు రుబ్బారో, ఎంతసేపు బయట ఉందో మనకి తెలీదు. చల్లగా ఉన్నా పులియడం పూర్తిగా ఆగదు, నెమ్మదిస్తుందంతే. ప్యాకెట్ ఉబ్బి ఉంటే లోపల గ్యాసు చేరిందనే అర్థం. దాన్ని విప్పి కలిపి గిన్నెలో పోసే సరికి ఆ గాలి సగం పోతుంది. ఇడ్లీకి కావాల్సిందే ఆ గాలి. దోశకి అంత గాలి అక్కర్లేదు, కొంచెం పులుపు ఉన్నా పెనం మీద బాగానే కాలుతుంది. అందుకే ఒకే ప్యాకెట్‌తో పోసిన దోశ బాగుండి, పెట్టిన ఇడ్లీ నీరసంగా వస్తుంది. ప్యాకెట్‌తోనే ఇడ్లీ పెట్టాలనుకుంటే గిన్నెలోకి తీసి, గరిటెతో తెగ కలపకుండా, గంటసేపు వంటింట్లో ఉంచి అప్పుడు పెట్టండి. కాస్త నయం. నీళ్లు కలిపితే వెంటనే అయిపోయే ఇన్‌స్టంట్ పొడి మిక్స్ ఉందే, అది పొంగేది సోడా లాంటి వాటితో. దాని రుచి పులిసిన పిండి రుచి కాదు. ప్రయాణాలకు పనికొస్తుంది, అంతకు మించి దాని గురించి చెప్పడానికి నాకేమీ లేదు.

దోశ పిండి ఇంట్లోనే రుబ్బుకుంటే లెక్క కొంచెం మారుతుంది. మూడు గ్లాసుల బియ్యానికి గ్లాసు పప్పు, కాసిని మెంతులు, గుప్పెడు అటుకులు. బియ్యం ఉంది కాబట్టి మిక్సీకి పని పెరుగుతుంది. అయినా దోశకి బియ్యం మరీ వెన్నలా నలగక్కర్లేదు, సన్నటి బరక ఉంటేనే కరకరలాడుతుంది. పప్పూ బియ్యమూ విడివిడిగా రుబ్బి కలిపితే మిక్సీ దోశకీ గ్రైండర్ దోశకీ తేడా చెప్పడం కష్టం. పెసరట్టుకైతే గ్రైండర్ తీయడమే దండగ. అది పులియనే అక్కర్లేదు, మిక్సీలో రెండు తిప్పుల్లో అయిపోతుంది. దిబ్బరొట్టె కూడా మిక్సీ పిండితో హాయిగా వస్తుంది, అడుగు మందంగా ఉన్న మూకుడు ఉంటే చాలు.

గారెల దగ్గర మాత్రం నేను గ్రైండర్ పక్షమే. గారె పిండి గట్టిగా ఉండాలి, నీళ్లు దాదాపు పోయకూడదు, అయినా మెత్తగా నలగాలి. ఈ మూడూ ఒకేసారి కావాలంటే మిక్సీ మొరాయిస్తుంది. బ్లేడు కింద గుంట పడి పైన పప్పు కదలకుండా కూర్చుంటుంది. తిరగట్లేదని నీళ్లు పోస్తాం, పిండి జారవుతుంది, నూనెలో వేస్తే గారె నూనె తాగుతుంది. ఆపైన బియ్యప్పిండి కలిపి సర్దుతాం, అప్పుడు గారె గట్టిపడుతుంది. పండక్కీ పబ్బానికీ మాత్రమే గారెలు చేసేవాళ్లు, కొంచెం కొంచెంగా వేసుకుని చెయ్యినొప్పి భరించి మిక్సీతోనే లాగించొచ్చు. నెలకి నాలుగుసార్లు చేసేవాళ్లకి గ్రైండర్ ఖరీదు గారెల్లోనే తిరిగొస్తుంది.

పిండి నిల్వ పద్ధతి కూడా ఎంపికని మార్చేస్తుంది. ఆదివారం ఒకేసారి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టి, సోమవారం ఇడ్లీ, బుధవారం దోశ, శుక్రవారానికి పుల్లబడితే ఉల్లిపాయ ముక్కలు వేసి ఊతప్పమో పునుగులో చేసే ఇల్లయితే ఒక్క విడతలో ఎక్కువ రుబ్బాలి. అక్కడ గ్రైండర్ సుఖం తెలుస్తుంది. అన్ని రోజులు పెట్టాలనుకుంటే మొత్తం పిండిని ఒకేసారి పులియబెట్టకండి. రేపటికి కావాల్సినంత బయట ఉంచి, మిగతాది రుబ్బిన వెంటనే ఫ్రిజ్‌లోకి తోసేయండి. దాన్ని వాడే ముందు రోజు రాత్రి బయట పెడితే సరిపోతుంది. ఎండాకాలంలో ఉప్పు ముందే కలిపితే పులియడం కాస్త నెమ్మదిస్తుంది. చలికాలంలో తర్వాత కలపడమే మేలు, అప్పటికీ పొంగకపోతే లైటు వేసిన ఓవెన్‌లోనో, వెచ్చటి నీళ్ల గిన్నె పక్కనో పెట్టాలి.

కొనాలనే నిర్ణయానికే వస్తే, ఇంట్లో నలుగురికి లోపైతే ఒకటింపావు, ఒకటిన్నర లీటర్ల చిన్న గ్రైండర్ చూడండి. పెద్దది చూడ్డానికి బాగుంటుంది, వాడడానికి కాదు. డ్రమ్ము చేత్తో ఎత్తి సింకులో కడుక్కునేలా ఉందో లేదో కొట్టులోనే ఎత్తి చూసుకోండి. వంచి పిండి తీసే రకమైతే నడుం నొప్పి ఉన్నవాళ్లకి మేలు. కొత్త రాళ్లలో మొదట రెండు మూడుసార్లు గుప్పెడు బియ్యం నీళ్లతో తిప్పి పారబోయండి, ఆ రాతి పొడి పోయాకే పప్పు వేయాలి.