సెల్లార్ కూలింగ్ యూనిట్: ఐదేళ్ల వాడకం తర్వాత

గోడలో బిగించే రకం, కంప్రెసర్‌తో నడిచేది. నేలమాళిగలో చిన్న గది, మూడు వందల వైన్ సీసాల దాకా ఉంటాయి. చల్లదనంలో ఒక్కరోజూ వంక పెట్టే పని లేదు. కరెంటు విషయంలో మాత్రం మొదటి రెండేళ్లూ దీన్ని తిట్టుకోని నెల లేదు. పాపం, తప్పంతా గదిది.

ముందు తలుపు సంగతి. సందులో కాగితం ముక్క పెట్టి మూసి, బయటికి లాగి చూశాను. పైన బిగుతుగానే ఉంది. కింది మూలలో ఇట్టే జారి వచ్చేసింది. అక్కడ రబ్బరు గట్టిపడి ముడుచుకుపోయింది. అలా దూరే గాలి వేడితో పాటు తేమనూ తెస్తుంది, ఆ తేమను నీరుగా మార్చి వదిలించుకోవడానికీ కరెంటు కావాలి. రబ్బరు మార్చాక డ్రెయిన్ పైపులో నీళ్లు కారడం బాగా తగ్గింది.

అసలు దెబ్బ గోడలో తగిలింది. ఇన్సులేషన్ వేసినతను పాలిథిన్ షీటును చల్లటి వైపు పరిచాడు. అది వేడి వైపు ఉండాలి. లేకపోతే బయటి తేమ ఇన్సులేషన్‌లోకి దూరి, చల్లబడి నీరవుతుంది. ఒక గోడ విప్పి చూస్తే లోపల తడిసిన దూదిలా ఉంది. తడిసింది వేడిని ఏం ఆపుతుంది? అంతా పీకి మళ్లీ వేయించాల్సి వచ్చింది. ఖర్చూ, చికాకూ రెండూ ఇక్కడే ఎక్కువ.

యూనిట్ వెనక భాగం స్టోర్‌రూమ్‌లో ఉంది. అట్టపెట్టెలు అడ్డుగా ఉండటంతో తను వదిలిన వేడినే మళ్లీ పీల్చుకునేది. వాటిని తీసేసి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాను.

12 డిగ్రీల సెట్టింగ్‌ను 14కి మార్చాను. వైన్‌కు ఒకటి రెండు డిగ్రీల తేడా కన్నా రోజూ ఎక్కుతూ దిగుతూ ఉండటమే చేటు. చల్లదనాన్ని కొలిచే సెన్సార్‌ను నీళ్లు నింపిన సీసాలో ఉంచాను (మా యూనిట్‌లో అది వైరుతో విడిగా వస్తుంది). నీళ్లు గాలిలా ఇట్టే వేడెక్కవు కాబట్టి, తలుపు తీసిన ప్రతిసారీ కంప్రెసర్ ఉలిక్కిపడి లేవడం ఆగిపోయింది. అయితే లోపలి కాయిల్‌పై మంచు పేరుకుంటుందేమో కొన్ని వారాలు కనిపెట్టి ఉండండి. కడితే సెన్సార్‌ను తిరిగి గాలిలో పెట్టేయాలి.

ఒక స్టార్ తగ్గించింది కండెన్సర్ (వేడిని బయటికి వదిలే భాగం) గురించి. దుమ్ము పడితే కరెంటు ఎక్కువ తాగుతుందని తెలిసీ, దాన్ని తుడవాలంటే ఆరు స్క్రూలు విప్పేలా చేశారు. అందులో ఒకటి సరిగ్గా గోడ మూలకు ఆనుకుని ఉంది, స్క్రూడ్రైవర్ తిరగదు.